కాలిపోని డిస్కు

"నేను లేచి పోలే సారూ. లేపిండ్రు."

లింబాద్రి ఈ మాట చెప్పడం అది నాలుగోసారి. పోలీసు స్టేషన్లో ఇనుప బల్లకు అవతల కూర్చున్న హేమసుందర్ నాలుగుసార్లూ ఒకేలా విన్నాడు. హైదరాబాదు పోలీసుల క్లూస్ టీంలో ఏడేళ్ళు వేలిముద్రలు ఏరుకున్నవాడు అతను. మూడేళ్ళ కిందట సౌదీ వచ్చి, ధహ్రాన్ దగ్గర చమురు ట్యాంకులు శుభ్రం చేసే కాంట్రాక్టు కంపెనీలో ప్రమాదాలు, దొంగతనాలు దర్యాప్తు చేసే ఉద్యోగంలో కుదిరాడు. అబద్ధం చెప్పేవాడు నాలుగోసారికి ఏదో ఒకటి అలంకరిస్తాడని అతని అనుభవం. లింబాద్రి మాటలో అక్షరం మారలేదు.

"టైము చెప్పు. ఎవరు లేపారు?"

"సోమారం, ఒకటీ యాభై ఐదు. మా సేఫ్టీ మేనేజర్ జనార్దన్ సారు రేడియోల పిలిచిండు. ఐదో నంబరు ట్యాంకు కాడ పైపు కారుతుంది, అటు పో అన్నడు. బుచ్చన్న లోపలున్నడు సార్, నేను పోను అన్న. అప్పుడు ఆయనే వచ్చిండు. పచ్చ కాగితం మీద నా పేరు కొట్టేసి, టైము ఏసి, సంతకం పెట్టిండు. ఇంకొకడొస్తడు, నువ్వు పో అన్నడు."

"ఇంకొకడు వచ్చాడా?"

లింబాద్రి తల అడ్డంగా ఊపాడు. "నేను మళ్ళొచ్చేసరికి రెండూ ఇరవై అయింది. ఎర్ర కుర్చీ ఖాళీగనే ఉన్నది సారూ. తాడు గుంజితే బరువుగ వచ్చింది."

బుచ్చన్నా అతనూ క్యాంపులో ఒకే గది. రెండంతస్తుల మంచం మీద పైన బుచ్చన్న, కింద లింబాద్రి, ఆరేళ్ళుగా.

ట్యాంకు మూతి దగ్గర ఎర్ర కుర్చీ వేసి ఒక మనిషిని కాపలా పెడతారు. అతన్ని హోల్ వాచ్ అంటారు. లోపలి మనిషి నడుముకి కట్టిన తాడు కొస అతని దగ్గరే ఉంటుంది. లోపల మనిషి ఉన్నంతసేపూ ఆ కుర్చీ ఖాళీ కాకూడదు. దిగేముందు విషవాయువు లేదని మీటరుతో పరీక్షించి, పచ్చ పర్మిట్ కాగితం మీద సంతకాలు పెట్టి, ఆ కాగితాన్ని మూతి పక్కనే వేలాడదీయాలి. సోమవారం అదేమీ జరగలేదని కంపెనీ రిపోర్టు రాసింది. పర్మిట్ లేకుండానే బుచ్చన్న దిగి విషవాయువుకి చచ్చిపోయాడట, లింబాద్రి కునుకు తీశాడట. పచ్చ కాగితం మాయమైంది.

స్టేషన్ కెప్టెన్ మంచివాడే గానీ గడియారానికి కట్టుబడ్డవాడు. "ఈ రోజు బుధవారం. రెండింటికి ఆఫీసు మూస్తాను. ఆలోగా ఆ కాగితం తెస్తే ఇతను కంపెనీ పూచీ మీద వెళ్తాడు. లేకపోతే వ్యాన్ దమ్మామ్ జైలుకి వెళ్తుంది. తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు.

తర్వాత అంటే ఎన్ని నెలలో, ఎన్నేళ్ళో హేమసుందర్‌కి తెలుసు. అతనికి తెలిసిన సంగతి మరొకటి ఉంది. సేఫ్టీ ఆఫీసులో పనిచేసే ఫిలిప్పీన్ గుమాస్తా, సోమవారం మూడూ పదికి, అలవాటు కొద్దీ ఆ పచ్చ కాగితాన్ని కూడా స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాడు. మంగళవారం పొద్దున్నే కంపెనీ అతన్ని ఉన్నట్టుండి సెలవు మీద మనీలా పంపేసింది. విమానం ఎక్కేముందు అతను ఫోన్ చేసి చెప్పింది ఆ ఒక్క ముక్కే.

ఆ కంప్యూటర్ సోమవారం సాయంత్రం అయిదుంబావుకి ఠప్పుమని పేలి చచ్చింది.

* * *

పదీ ఇరవైకి హేమసుందర్ సైటు గేటు దగ్గర మొబైల్ అప్పగించి లోపలికొచ్చాడు. గ్యాస్ ఉన్నచోట మొబైళ్ళు నిషేధం. సేఫ్టీ ఆఫీసు అంటే చక్రాల మీద నిలబెట్టిన రేకుల గది, పోర్టాకేబిన్. తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ కంపు ముక్కుకి తగిలింది.

లోపల ఎలక్ట్రీషియన్ దస్తగిరి ఎదురుచూస్తున్నాడు. అనంతపురం జిల్లా మనిషి, నెమ్మదస్తుడు, ఎవరికే అవసరం పడినా పరిగెత్తుకొచ్చే రకం. సైట్లో హేమసుందర్ నమ్మే మనుషులు వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గవాళ్ళు. వాళ్ళలో ఇతనొకడు.

"అది పేలినప్పుడు నువ్వు ఎక్కడున్నావు దస్తగిరీ?"

"జనరేటర్ కాడ ఉండా సార్. ఠప్ మనింది. ఉరికొచ్చి చూస్తే పొగ. కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చింటాది."

హేమసుందర్ తలెత్తి చూశాడు. ట్యూబులైటు వెలుగుతోంది. ఏసీ గుయ్యిమంటోంది. మూలనున్న చిన్న ఫ్రిజ్ కూడా నిక్షేపంగా ఉంది. అన్నీ ఒకే లైను. కరెంటు ఎక్కువొస్తే ఒక్క కంప్యూటర్‌నే వెతుక్కుంటూ పోయిందా? గోడకి ఫోన్ ఉండాల్సిన చోట తెగిన తీగ మాత్రం వేలాడుతోంది.

"ఫోన్ ఏదీ?"

"సోమారం రాత్రే తీపిచ్చినాడు సార్, జనార్దన్ సారు."

హేమసుందర్ కంప్యూటర్ డబ్బాని గోడ దగ్గర్నుంచి లాగి వెనక్కి తిప్పాడు. కరెంటు తీగ గుచ్చే చోటుకి పక్కనే గోరంత ఎర్ర మీట ఉంది. మన దేశం నుంచి వచ్చినవాళ్ళకి మొదట్లో తల తిరిగిపోయే సంగతి ఇది. ఈ ప్రాంతంలో కరెంటు రెండు రకాలు. పెద్ద చమురు కంపెనీ కాంపౌండ్ లోపల నూట పది వోల్టులు. బయట సైట్లో జనరేటర్ ఇచ్చేది రెండు వందల ఇరవై. కంప్యూటర్ ఎక్కడుంటే దాన్నిబట్టి ఆ మీట జరపాలి.

మీట నూట పదిహేను అంకె మీద ఉంది.

రెండేళ్ళుగా రెండు వందల ఇరవై మీద నడిచిన యంత్రం, మీట అక్కడుంటే మొదటిరోజే పేలాలి. అతను టార్చి దగ్గరగా పట్టాడు. చుట్టూ దుమ్ము అట్ట కట్టి ఉంది. మీట జరిగిన చోట మాత్రం ఎర్ర రంగు కొత్తగా నిగనిగలాడుతోంది. దాని మీద సన్నటి గీత. గీత కూడా ఒకటి కాదు, మధ్యలో వెంట్రుకవాసి సందు ఉన్న జంట గీత.

ప్రమాదం కాదిది. ఎవరో చేతులారా చేశారు. ఒక మనిషి చావుని కప్పిపెట్టడానికి ఇంత పని చేసినవాడు ఈ సైట్లోనే తిరుగుతున్నాడు. తన పాస్‌పోర్టా, కంపెనీ బీరువాలో ఉంది.

"స్క్రూలు విప్పాలి. ఏదైనా ఉందా?"

దస్తగిరి చొక్కా జేబులోంచి టెస్టర్ తీసి ఇచ్చాడు. హేమసుందర్ స్క్రూలు విప్పి మూత తీశాడు. కరెంటు అందుకునే పెట్టె లోపల నల్లగా మాడిపోయింది. ఫైళ్ళు ఉండే హార్డ్ డిస్కు మాత్రం పైకి శుభ్రంగానే ఉంది. అరచేయంత ఇనుప బిళ్ళ. లింబాద్రి బతుకంతా అందులో ఉంది.

"ఏం చేస్తున్నారు హేమసుందర్ గారూ?"

వెనకనుంచి వచ్చిన ఆ గొంతుకి అతను ఉలిక్కిపడి టెస్టర్ జారవిడిచాడు. గుమ్మంలో జనార్దన్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నడుముకి రేడియో. విజయవాడలో ఇంజనీరింగ్ చదివి పద్నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్న మనిషి. ముదీర్ గదిలోకి, అంటే పెద్ద మేనేజర్ గదిలోకి, తలుపు తట్టకుండా వెళ్ళగల ఒకే ఒక్క తెలుగువాడు.

"దర్యాప్తు."

"దర్యాప్తు క్లోజ్ అయిపోయిందండీ. రిపోర్ట్ నిన్ననే సబ్మిట్ చేశాను. డిస్క్ బర్న్ అయిపోయిందని ఐటీ వాళ్ళు కూడా చెప్పారు."

"ఐటీ వాళ్ళు ఈ డబ్బా మూత కూడా తీయలేదు. స్క్రూల మీద కంపెనీ సీలు నేనే చింపాను ఇప్పుడు." హేమసుందర్ లేచి నిలబడ్డాడు. "లింబాద్రిని ఒకటీ యాభై ఐదుకి కుర్చీలోంచి లేపింది ఎవరు?"

"వాడు నిద్రపోయాడు. నిద్రపోయినవాడు ఏదైనా చెప్తాడు."

"రేడియోలో పిలిస్తే వెళ్ళనన్నాడట. మీరే స్వయంగా వెళ్ళారట. నిద్రపోయేవాడు అంత వివరం చెప్పడే!"

జనార్దన్ మొహంలో రంగు మారింది. ఒక్క క్షణమే. "ప్రూఫ్ ఉందా?"

"ఇందులో ఉంది. అందుకే ఎవరో వెనకున్న ఎర్ర మీట జరిపి దీన్ని పేల్చారు."

"ఏ మీట?" జనార్దన్ వంగి చూశాడు. అతని కళ్ళలో నిజంగానే ఏమీ అర్థంకాని చూపు. హేమసుందర్ దాన్ని నటన అనుకున్నాడు. ఆ రోజంతటిలో అతను చేసిన పెద్ద తప్పు అదే.

"చూడండి హేమసుందర్ గారూ, మనం మనం ఒకచోటివాళ్ళం కాబట్టి చెప్తున్నాను. మిమ్మల్ని ఇండియా పంపేసే ఫైనల్ ఎగ్జిట్ కాగితం ముదీర్ టేబుల్ మీద టైపయి ఉంది. సంతకమే తరువాయి. ఆ డిస్కు ఇక్కడ పెట్టేసి వెళ్ళండి, ఆ కాగితం చిరిగిపోతుంది. మీ పాప స్కూలు ఇయర్ కూడా మధ్యలో ఆగదు. ఒంటిగంటన్నరకి మళ్ళీ వస్తాను. అప్పటికి మీరు ఇక్కడ ఉండకూడదు."

చెప్పి వెళ్ళిపోయాడు. హేమసుందర్‌కి భయం వేసింది, నిజంగానే వేసింది. ఇరవై నాలుగు గంటల్లో సామాను సర్దుకుని భార్యాబిడ్డలతో విమానం ఎక్కించబడ్డవాళ్ళని అతను కళ్ళారా చూశాడు. డిస్కుని అక్కడ పెట్టేస్తే ఎవరూ తప్పు పట్టరు. ఇనుప బల్లకి అవతల కూర్చున్న ఆ ఒక్కడు తప్ప.

"దస్తగిరీ, ఇంకో కంప్యూటర్ కావాలి."

దస్తగిరి నేల చూపులు చూశాడు. "స్టోరులో ఒకటి ఉండాది సార్. కాంపౌండ్‌లోనుంచి వచ్చిన పాతది. నూట పదిది. డబ్బా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల."

"తీసుకురా."

* * *

పన్నెండింటికి భోజనాల సైరన్ మోగింది. సైటు ఖాళీ అయింది. రేకుల గది చుట్టూ మనిషి అలికిడి లేదు.

దస్తగిరి ట్రాన్స్‌ఫార్మర్‌ని నేలమీద పెట్టి, అలవాటుగా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. బరువైన ఇనుప డబ్బా, పైన రెండు సాకెట్లు. ఒకదాంట్లోంచి నూట పది వస్తుంది. రెండోదాంట్లోంచి రెండు వందల ఇరవై యథాతథంగా వస్తుంది. పాత కంప్యూటర్ ప్లగ్గుని మొదటిదాంట్లో గుచ్చాడు.

హేమసుందర్ డిస్కుని దానికి తగిలించి స్విచ్ నొక్కాడు. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. డిస్కు లేదంది. మళ్ళీ ఆపి, తీగలు ఊడదీసి పెట్టాడు. లేదంది. డిస్కు వెనక ఉన్న చిన్న క్లిప్పుని ఒక గడి పక్కకి జరిపి మూడోసారి నొక్కాడు. డిస్కు గరగరమంది. కాసేపు ఆగింది. మళ్ళీ గరగరమని తిరగడం మొదలుపెట్టింది.

తెర మీద దాని పేరు కనిపించగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫోల్డర్లు తెరుచుకోలేదు. పేలుడుకి లోపలి పట్టిక చెదిరిపోయింది. ఫైళ్ళు ఉన్నాయి గానీ ఏది ఎక్కడుందో కంప్యూటర్‌కి తెలియడం లేదు. హేమసుందర్ తన సీడీ లోంచి రికవరీ ప్రోగ్రాం ఎక్కించాడు. అది డిస్కుని మొదటినుంచి చివరిదాకా గాలిస్తుంది. దొరికిన ఫైళ్ళని చిన్న బొమ్మలుగా చూపిస్తుంది. గాలింపు మొత్తం పూర్తయితేనే సేవ్ చేయనిస్తుంది. మధ్యలో కరెంటు పోతే కథ మళ్ళీ మొదటికి. ఈ డిస్కు రెండోసారి తిరుగుతుందన్న నమ్మకం అతనికి లేదు.

పన్నెండున్నరకి నలభై శాతం. పన్నెండూ నలభైకి యాభై ఎనిమిది. నడుస్తూ నడుస్తూ డిస్కు టిక్కుమన్నప్పుడల్లా అతని గుండె ఆగి కొట్టుకుంటోంది.

పన్నెండూ నలభై ఆరుకి ఒక పచ్చ బొమ్మ తెర మీదకి వచ్చింది.

అతను దాన్ని పెద్దది చేశాడు. మూడో నంబరు ట్యాంకు. సోమవారం. లోపలికి దిగేవాడు బుచ్చన్న. హోల్ వాచ్ గడిలో లింబాద్రి పేరు, దాని మీద అడ్డగీత, పక్కన ఒకటీ యాభై ఐదు, జనార్దన్ పొడి సంతకం. అక్షరం పొల్లుపోకుండా లింబాద్రి చెప్పినట్టే ఉంది. "దొరికావురా జనార్దన్" అని పైకే అనేశాడు.

ఆ తర్వాత పై గడి చూశాడు. విషవాయువు పరీక్ష. ఒకటీ నలభై. రీడింగు సున్నా. పరీక్షించినవాడి సంతకం.

ఈజిప్టు నుంచి వచ్చిన గ్యాస్ పరీక్షకుడి సంతకం అక్కడ ఉండాలి. అతను మక్కాలో ఉమ్రా చేసుకుని మదీనా కూడా చూసొస్తానని పది రోజుల కిందటే సెలవు మీద వెళ్ళాడు. కాగితం మీద ఉన్నవి వంకర తెలుగు అక్షరాలు. ద-స్త-గి-రి.

హేమసుందర్ బల్లమీదకి చూశాడు. స్క్రూలు విప్పాక పెట్టిన దస్తగిరి టెస్టర్ అక్కడే ఉంది. దాని కొస మధ్యలో సన్నగా విరిగి, రెండు పళ్ళుగా చీలి ఉంది. జంట గీత. కంప్యూటర్ తెలిసినవాడైతే ఫైలు చెరిపేసేవాడు. డబ్బాని మాడిస్తే కాగితాలూ మాడిపోతాయనుకునేవాడు కరెంటు పని మాత్రమే తెలిసినవాడు. జనార్దన్‌కి మీట అంటే ఏమిటో నిజంగానే తెలియదు.

అతను మెల్లగా తల తిప్పాడు.

దస్తగిరి అక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని కుడిచేయి కంప్యూటర్ ప్లగ్గు మీద ఉంది. ఎడమచేతి వేలు రెండో సాకెట్ పక్కన ఉంది. తలుపుకి లోపలి గడియ పెట్టి ఉంది. ఎప్పుడు పెట్టాడో హేమసుందర్ గమనించనే లేదు.

"కనపడిందా సార్, నా సంతకం?"

"కనపడింది."

"మొన్న సరిగ్గా కాల్చలేకపోయినా. పైపైన కాలింది. ఈ తూరి ఇందులోంచి తీసి అందులో పెడితే చాలు కదా సార్?"

ప్లగ్గు ఒక వెంట్రుకవాసి పైకి లేచింది. తెర మిణుక్కుమంది. లేచి మీద పడదామంటే మధ్యలో బల్ల ఉంది. ప్లగ్గు జరగడానికి పట్టేది అర క్షణం.

"సంతకం ఎవరు పెట్టమన్నారు దస్తగిరీ?" అన్నాడు హేమసుందర్.

"ఈజిప్టాయన లేడు, కొత్తోడు రావాలంటే నెల పడతాది, పని ఆగకూడదు, నువ్వు మీటర్ చార్జింగ్ పెడతావు కదా, సంతకం కూడా పెట్టు అన్యాడు జనార్దన్ సారు. పెట్టినా. పది దినాలు పెట్టినా. ఆ మీటర్ చెడిపోయింది సార్. యాడ పెట్టినా సున్నానే చూపిస్తాది. వంటింట్లో సిలిండర్ కాడ పెట్టినా సున్నానే." దస్తగిరి చెంపల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం మారలేదు. "ఏమీ కాలేదు కదా అనుకుంటి. కాగితం కంప్యూటర్‌లో ఉండాది, నీ సంతకమే ముందుంటాది, ఉరి నీకే అని సోమారం సారు చెప్పినాడు. అప్పుడే మీట జరిపినా."

"బుచ్చన్న చచ్చిపోయాక కూడా పెట్టావా?"

దస్తగిరి గోడ గడియారం వైపు చూశాడు. హేమసుందర్‌కి అంతవరకు వేసిన భయం ఒక ఎత్తు. ఆ చూపు చూశాక వేసిన భయం ఒక ఎత్తు.

"దస్తగిరీ! ఇవాళ పెట్టావా?"

"ఏడో నంబరు ట్యాంకు" అన్నాడు దస్తగిరి. "పొద్దున్నే పెట్టిచ్చుకున్యారు. తిండి తినంగానే దిగుతారు. ఒంటిగంటకి."

గోడ గడియారం పన్నెండూ యాభై ఒకటి. తెర మీద, మిగిలింది పన్నెండు నిమిషాలు అని ఉంది. ఏడో నంబరు ట్యాంకుకి పరిగెత్తితే ఏడెనిమిది నిమిషాలు. మొబైల్ గేటు దగ్గర పెట్టెలో ఉంది. ఫోన్ గోడ మీద లేదు. రేడియో జనార్దన్ నడుముకి ఉంది.

ఇక్కడ కూర్చుంటే లింబాద్రి దక్కుతాడు, ఏడో ట్యాంకులో దిగేవాడు పోతాడు. వెళ్తే ఆ డిస్కు, దాన్ని కాల్చడానికి వచ్చినవాడి చేతిలో ఒంటరిగా మిగులుతుంది. హేమసుందర్ లేచి తన కుర్చీని లాగి దస్తగిరి ముందు పెట్టాడు.

"ఇందులో కూర్చో."

దస్తగిరి అయోమయంగా చూశాడు.

"కూర్చో! ఆ ప్లగ్గుకి నువ్వే కాపలా ఇప్పుడు. వంద శాతం అయ్యాక అది సేవ్ చేయమంటుంది, కీబోర్డు మీద ఈ మీట నొక్కు. అంతవరకు ఈ కుర్చీలోంచి లేవకు. ఎవరొచ్చి లేపినా లేవకు. జనార్దన్ వచ్చినా సరే. బుచ్చన్నని చంపింది సంతకం ఒక్కటే కాదు దస్తగిరీ, ఖాళీ అయిన కుర్చీ కూడా."

దస్తగిరి కూర్చున్నాడు. చేయి ప్లగ్గు మీదనుంచి తీశాడో లేదో చూసేందుకు హేమసుందర్ ఆగలేదు. గడియ తీసి ఎండలోకి పరిగెత్తాడు.

రెండో ట్యాంకు దాటాడు. నాలుగు దాటాడు. ఊపిరి అందడం లేదు, బూట్లలో కాళ్ళు కాలుతున్నాయి. "ఆగండి! దిగొద్దు!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపు తనకే వినపడనంత మోతగా ఏదో పంపు నడుస్తోంది. ఆరో ట్యాంకు మలుపు తిరిగేసరికి చేతి గడియారంలో పన్నెండూ యాభై ఎనిమిది. ఇంకా రెండు నిమిషాలుందని అతని ప్రాణం లేచొచ్చింది.

ఏడో నంబరు ట్యాంకు మూతి తెరిచి ఉంది. పక్కన ప్లాస్టిక్ కవరులో పచ్చ కాగితం వేలాడుతోంది. ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంది. మూతిలోంచి లోపలికి దిగిన తాడు కదులుతోంది.